గుడ్లు పొదిగే పెట్టె నుంచి గోడ మీది తెర దాకా: ఇంటి థర్మోస్టాట్ చరిత్ర

థర్మోస్టాట్ చేసే పని చిన్నదే. గది ఎంత వేడిగా ఉందో కనిపెట్టుకుని ఉంటుంది. అడిగినదాని కన్నా వేడి తగ్గితే కొలిమినో బాయిలర్‌నో నడిపిస్తుంది, సరిపోగానే ఆపేస్తుంది. చల్లబరిచే యంత్రమైతే ఇదే పని తిరగేసి చేస్తుంది. తెలుగు ఇళ్లలో గోడ మీద దీన్ని చూసినవాళ్లు తక్కువే గానీ ఇస్త్రీపెట్టెలో, గీజరులో, ఫ్రిజ్‌లో అది ఎప్పటి నుంచో ఉంది. అమెరికా, కెనడా, ఉత్తర ఐరోపా లాంటి చలి ప్రాంతాల్లో మాత్రం ఇల్లు మొత్తానికీ ఒకే కొలిమి ఉంటుంది, దాన్ని నడిపే డబ్బా హాల్లో గోడకు ఉంటుంది. ఆ డబ్బాకు వైఫై చేరి ‘స్మార్ట్’ అన్న పేరు వచ్చాక, డబ్బు పెట్టి దాన్ని కొనడం దండగా కాదా అన్న చర్చ మొదలైంది. నిజానికి ఇది పాత చర్చే. అమ్మేవాళ్లు మొదటి నుంచీ చెబుతూ వచ్చింది ఇంధనం ఆదా గురించి. కొన్నవాళ్లకు ముందుగా దక్కింది మాత్రం మెట్లెక్కి దిగే శ్రమ తప్పడం. ఈ రెండో లాభం అందరికీ దక్కింది. మొదటిది ఇంటిని బట్టి, ఇంట్లో ఉండేవాళ్ల అలవాట్లను బట్టి మారుతూ వచ్చింది.

తనంతట తాను వేడిని అదుపు చేసుకునే పొయ్యిని మొదట కట్టిన మనిషిగా కార్నెలిస్ డ్రెబెల్ పేరు చెబుతారు. 1572లో హాలండ్‌లోని అల్క్‌మార్‌లో పుట్టి, లండన్ చేరి, మొదటి జేమ్స్ రాజు కొలువులో వింత యంత్రాలు చేసి చూపినవాడు. థేమ్స్ నదిలో నీటి అడుగున పడవ నడిపింది కూడా ఇతనే. ఇతను కట్టిన పొదిగే పెట్టెలో అడుగున నిప్పు, లోపలి పెట్టె చుట్టూ నీళ్లు, పైన పొగ పోయే కంత, ఆ కంతకు మూత ఉండేవి. నీళ్లలో ముంచిన గాజుపాత్రలో సారాయి సత్తు, దాని కొసన గొట్టంలో పాదరసం ఉండేవి. వేడి పెరిగితే సత్తు వ్యాకోచించి పాదరసాన్ని తోస్తుంది, పాదరసం మీద తేలే కమ్మీ లేచి మూతను దించుతుంది, గాలి ఆడక నిప్పు మందగిస్తుంది. చల్లబడితే మూత మళ్లీ తెరుచుకుంటుంది. రాత్రి నిద్ర మానుకుని నిప్పును కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరం తీరింది. డ్రెబెల్ తన పనుల గురించి పెద్దగా రాసి పెట్టలేదు. చివరి రోజుల్లో లండన్‌లో సారాకొట్టు నడుపుకుని 1633లో చనిపోయాడు. పెట్టె సంగతి లోకానికి తెలిసింది అతని అల్లుళ్ల వల్ల.

మొదటి ప్రయోగం కోడిగుడ్ల మీద జరగడం యాదృచ్ఛికం అనిపించదు. గుడ్డు పొదగాలంటే 21 రోజుల పాటు 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి నిలవాలి. రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. మనుషుల గదికైతే రెండు డిగ్రీల తేడా వస్తే శాలువా కప్పుకుంటే సరిపోతుంది గనుక అక్కడ ఇంత తొందర లేదు. గోదావరి జిల్లాల్లో, హైదరాబాద్ చుట్టుపక్కల కోళ్ల పరిశ్రమవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. హేచరీలో కరెంటు పోయినా, థర్మోస్టాట్ మొరాయించినా ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో ప్యారిస్ దగ్గర బొన్నెమాన్ అనే ఫ్రెంచివాడు కూడా ఇదే వ్యాపారం చేశాడు. సీసపు గొట్టంలో ఇనుప కమ్మీ పెట్టి, వేడికి సీసం ఎక్కువగా, ఇనుము తక్కువగా సాగే తేడాతో మీటను కదిలించి, బాయిలర్‌కు పోయే గాలిని అదుపు చేశాడు. 1783లో పేటెంటు తీసుకున్నాడు. ఫ్రెంచి విప్లవానికి ముందు ఏళ్లలో ప్యారిస్ బజారుకు కోడిపిల్లలు పంపాడు.

రెండు లోహాల తేడా అన్న ఈ ఊహ గడియారాల పనిలో అంతకు ముందే ఉంది. సముద్రం మీద సరైన వేళ చూపే గడియారం కోసం జీవితమంతా పాటుపడిన జాన్ హారిసన్, 1740లో మొదలుపెట్టి 1759లో ముగించిన తన మూడో గడియారంలో ఇత్తడి, ఉక్కు రేకులను కలిపి బిగించాడు. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ సాగుతుంది. రెండూ అంటుకుని ఉండడం వల్ల సాగలేక వంగుతాయి. దీన్నే బడి పుస్తకాలు ద్విలోహ పట్టీ అంటాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కాక టక్కుమని చిన్న చప్పుడై ఎర్రబల్బు ఆరిపోతుంది కదా, అది ఈ పట్టీ వంగి కాంటాక్టును వదిలేసిన చప్పుడే. కాసేపటికి చల్లబడి మళ్లీ అంటుకుంటుంది, బల్బు వెలుగుతుంది. కాటన్‌కూ పట్టుకూ వేర్వేరు గుర్తులున్న ఆ చక్రం తిప్పితే లోపల జరిగేది పట్టీకి, కాంటాక్టుకు మధ్య ఎడం మారడమే.

1830లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ ఈ పట్టీతో పనిచేసే పరికరానికి పేటెంటు తీసుకుని, థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు. అతని చూపు ఇళ్ల మీద లేదు. కార్ఖానాల్లో, బట్టీల్లో వేడి నిలపడం కోసం చేసింది అది. ఇళ్లకు రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. కారణం తేలికే. పట్టీ వంగే బలం చాలా తక్కువ, దాంతో బరువైన కొలిమి మూతలు కదలవు. మధ్యలో కరెంటు రావాలి.

ఆ పని అమెరికాలో, రెండేళ్ల తేడాతో, రెండు ఊళ్లలో జరిగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ అధ్యాపకుడు. చలికాలంలో కళాశాల పనివాడు గంటగంటకూ ప్రతి తరగతి గదిలోకీ వచ్చి థర్మామీటరు చూసుకుని, నేలమాళిగకు దిగి వేడిగాలి మూతలను సవరించాల్సి వచ్చేది. పాఠం మధ్యలో తలుపు తెరుచుకోవడం జాన్సన్‌కు చికాకు తెప్పించింది. గదిలో ఉష్ణోగ్రత తప్పితే కింద బాయిలర్ గదిలో గంట మోగేలా విద్యుత్ పరికరం చేసి 1883లో పేటెంటు పొందాడు. గమనిస్తే ఈ యంత్రం మూతను తాను కదపదు. మనిషిని పిలుస్తుంది, అంతే. జాన్సన్ 1885లో మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. అదే తర్వాత జాన్సన్ కంట్రోల్స్ అయింది. పెద్ద భవనాల్లో ప్రతి గదికీ విడి అదుపు ఉండేలా, తీగలకు బదులు గొట్టాల్లో గాలి ఒత్తిడితో నడిచే పద్ధతిని కూడా ఇతనే తెచ్చాడు.

రెండో ఊరు మినియాపోలిస్. స్విట్జర్లండ్ నుంచి వలస వచ్చిన ఆల్బర్ట్ బట్జ్ 1885లో చేసి, 1886లో పేటెంటు తీసుకున్న పరికరం సూటిగా ఇళ్ల కోసమే. ఆ కాలపు ఉత్తర అమెరికా ఇంట్లో బొగ్గు కొలిమి నేలమాళిగలో ఉండేది. తెల్లవారుజామున ఎవరో ఒకరు గడ్డకట్టే చలిలో లేచి, కిందికి దిగి, కొలిమికి గాలి పోయే మూతను ఎత్తాలి. ఇల్లు వేడెక్కాక మళ్లీ వెళ్లి దించాలి. బట్జ్ పైన గదిలో థర్మోస్టాట్, కింద బొమ్మకు కీ ఇచ్చినట్టు చుట్టిపెట్టే స్ప్రింగు మోటారు పెట్టాడు. గది చల్లబడితే తీగలో కరెంటు పారి మోటారుకున్న అడ్డును లాగేస్తుంది. ఇరుసు సగం చుట్టు తిరిగి గొలుసుతో మూతను పైకి లాగుతుంది. వేడెక్కాక ఇంకో సగం చుట్టు తిరిగి మూత పడుతుంది. బట్జ్ వ్యాపారం మాత్రం చేసుకోలేకపోయాడు. రెండు మూడేళ్లలోనే పేటెంట్లు చేతులు మారాయి. అవి దక్కించుకుని, తొలినాళ్లలో అప్పులతో ఈదిన కంపెనీని స్వెట్ కుటుంబం నిలబెట్టింది. ఇండియానాలో నీళ్ల వేడి వ్యవస్థలు అమ్మే మార్క్ హనీవెల్ కంపెనీతో 1927లో అది కలిసిపోయి మినియాపోలిస్-హనీవెల్ అయింది.

ఈ మధ్యలో, 1906 ప్రాంతంలో, గడియారం కట్టిన థర్మోస్టాట్ మార్కెట్లోకి వచ్చింది. రాత్రి పడుకునే వేళకు వేడి తగ్గించి, ఇంటివాళ్లు లేవక ముందే తిరిగి పెంచడం దాని పని. టైముకు తగ్గించి టైముకు పెంచడమన్న ఊహకు నూట పదేళ్లు దాటాయన్న మాట. స్మార్ట్ థర్మోస్టాట్ ప్రకటనల్లో సగం గొప్పలు 1906లోనే చెల్లిపోయాయి.

అమెరికా ఇళ్లలో అందరికీ గుర్తుండిపోయిన రూపం 1953లో వచ్చిన గుండ్రటి టి-87. టెలిఫోన్ల నుంచి రైలింజన్ల దాకా రూపు దిద్దిన హెన్రీ డ్రైఫస్ దీని రూపశిల్పి. చతురస్రపు డబ్బాను గోడకు కొట్టేటప్పుడు కాస్త వంకర పోయినా కనపడుతుంది. గుండ్రటిదానికి ఆ బాధ లేదు. పై కవచం తీసి చూస్తే లోపల చుట్ట చుట్టిన ద్విలోహ పట్టీ, దాని కొసన చిటికెన వేలి గోరంత గాజు బుడ్డీ, అందులో పాదరసం బొట్టు కనిపిస్తాయి. పట్టీ చుట్ట బిగిసినా వదులైనా బుడ్డీ పక్కకు ఒరుగుతుంది. పాదరసం జారి రెండు తీగల మొనలను ముట్టుకుంటే కొలిమి వెలుగుతుంది. రాపిడి లేదు, నిప్పురవ్వ బయటికి రాదు, దుమ్ము పట్టదు. అందుకే యాభై ఏళ్లయినా పాడవని టి-87లు ఇంకా గోడల మీద ఉన్నాయి. ఇందులోనే చిన్న వేడి తీగ ఒకటి ఉంటుంది. కొలిమి నడుస్తున్నంతసేపూ అది పట్టీకి కాస్త ముందుగానే వేడి తగిలిస్తుంది. కొలిమి ఆగాక కూడా గొట్టాల్లో మిగిలిన వేడి గదిలోకి వస్తూనే ఉంటుంది కనుక, ఆ మేరకు ముందే ఆపడం దీని ఉద్దేశం. రాబోయేదాన్ని ముందే లెక్కకట్టడం కంప్యూటర్లతో మొదలైన తెలివి కాదన్నమాట.

ఆ గుండ్రటి చక్రం మీదికి ప్రభుత్వం చెయ్యి రావడం చమురు కరువుతో మొదలైంది. 1973 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ ఇళ్లలో థర్మోస్టాట్‌ను కనీసం 6 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి, పగలు సగటున 68 దగ్గర, అంటే 20 సెల్సియస్ దగ్గర ఉంచమని కోరాడు. 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీ ముందు కూర్చుని పగలు 65, రాత్రి 55 చాలన్నాడు. రాత్రి 55 అంటే 13 సెల్సియస్ కన్నా తక్కువ. హైదరాబాద్ డిసెంబరు రాత్రిని పడకగదిలోకి రానిచ్చినట్టే. 1979 జులైలో ఆఫీసులకు, దుకాణాలకు ఇది కోరిక స్థాయి దాటి నిబంధనే అయింది: వేడి 65కు మించకూడదు, ఏసీ 78కి దిగువకు పోకూడదు. 1981 ఫిబ్రవరిలో కొత్త అధ్యక్షుడు రీగన్ వచ్చీ రాగానే దాన్ని ఎత్తేశాడు.

ఈ కాలంలోనే ఒక అపోహ బాగా నాటుకుంది. రాత్రి తగ్గించిన ఇంటిని పొద్దున్నే మళ్లీ వేడెక్కించడానికి ఆదా అయినదంతా ఖర్చయిపోతుందని చాలామంది నమ్మారు, ఇప్పటికీ నమ్ముతారు. ఇంట్లోంచి బయటికి పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. ఇల్లు చల్లబడి ఉన్నన్ని గంటలూ తేడా తక్కువ, కాబట్టి పోయే వేడీ తక్కువ. మళ్లీ వేడెక్కించడానికి పట్టే ఇంధనం, చల్లబడుతున్నప్పుడు కొలిమి ఆగి ఉండడం వల్ల మిగిలిన ఇంధనం దాదాపు సరిసమానం. మధ్య గంటల్లో తగ్గిన నష్టమంతా లాభమే. రోజుకు 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఖర్చు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. ఈ లాభానికి వైఫై అక్కర్లేదు, పడుకునే ముందు చక్రం తిప్పే చెయ్యి చాలు. బయటి వేడిని లోపలికి తోడే హీట్ పంపుతో వేడెక్కే ఇళ్లు మాత్రం దీనికి మినహాయింపు. బాగా తగ్గించి ఒక్కసారిగా పెంచితే సాయంగా పెట్టిన విద్యుత్ కాయిల్ వెలిగి, ఆదాను తినేస్తుంది.

తిప్పే చెయ్యి మరిచిపోతుంది గనుక ఎలక్ట్రానిక్ ప్రోగ్రామింగ్ థర్మోస్టాట్లు వచ్చాయి. 1995లో అమెరికా ప్రభుత్వ ఇంధన ఆదా పథకం ఎనర్జీ స్టార్ వీటికి గుర్తింపు ముద్ర ఇచ్చింది. కాగితం మీద లెక్క బాగుంది. ఇళ్లలో జరిగింది వేరు. చిన్న బొత్తాలు, అర్థంకాని తెర, వారంలో ఏడు రోజులకూ నాలుగేసి వేళలు సెట్ చేయాల్సిన తంటా. బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు ఇళ్లలో వీటి తీరు పరిశీలిస్తే, చాలామంది ప్రోగ్రామింగ్ జోలికే పోలేదని తేలింది. చాలావాటిని శాశ్వతంగా ‘హోల్డ్’లో, అంటే షెడ్యూలుతో పని లేకుండా ఒకే అంకె దగ్గర, పెట్టేశారు. కొన్నిట్లో గడియారమే తప్పు వేళ చూపిస్తోంది. ఆదా జరుగుతున్నట్టు రుజువు లేక 2009 చివర ఎనర్జీ స్టార్ ఆ ముద్రను వెనక్కి తీసుకుంది. ఈ పరికరం చరిత్రలో ఇంత నిజాయితీగా ఒప్పుకున్న ఓటమి ఇంకోటి కనపడదు.

స్మార్ట్ థర్మోస్టాట్ ఆ ఓటమికి జవాబుగా పుట్టింది. టొరాంటోలో 2007లో మొదలైన ఎకోబీ ఇంటర్నెట్‌కు కలిసే థర్మోస్టాట్‌ను ముందుగా తెచ్చినవాటిలో ఒకటి. పేరు మాత్రం నెస్ట్‌కు దక్కింది. ఐపాడ్ తయారీలో ముఖ్యుడైన టోనీ ఫాడెల్, మ్యాట్ రోజర్స్‌తో కలిసి 2011 అక్టోబరులో 249 డాలర్లకు విడుదల చేసిన ఈ పరికరం గుండ్రంగా ఉంటుంది, అంచు చక్రం తిప్పితే సెట్టింగు మారుతుంది. డ్రైఫస్ బతికి ఉంటే గుర్తుపట్టేవాడు. మొదటి వారం రోజులు ఇంటివాళ్లు ఎప్పుడు తిప్పుతున్నారో చూసి తానే షెడ్యూలు రాసుకుంటుంది. మనుషుల కదలిక కనపడకపోతే ఇల్లు ఖాళీ అనుకుని తగ్గిస్తుంది. 2014 జనవరిలో గూగుల్ 320 కోట్ల డాలర్లకు నెస్ట్‌ను కొనేసింది. అప్పటి నుంచి థర్మోస్టాట్ చర్చ ఇంధనం దగ్గర ఆగక, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో ఎవరికి తెలుస్తుందన్న దాకా పోయింది.

ఆదా గురించి లెక్కలు ఎవరు వేశారన్నదాన్ని బట్టి మారతాయి. వేడి ఖర్చులో 10 నుంచి 12 శాతం, ఏసీ ఖర్చులో 15 శాతం దాకా తగ్గుతుందని 2015లో నెస్ట్ చెప్పుకుంది. ఎనర్జీ స్టార్ ఈ స్మార్ట్ రకానికి మళ్లీ ముద్ర ఇస్తూ చెప్పేది సగటున సుమారు 8 శాతం, ఏడాదికి 50 డాలర్ల చిల్లర. ఆ లెక్కన 249 డాలర్లు తిరిగి రావడానికి ఐదేళ్లు. చాలా రాష్ట్రాల్లో విద్యుత్ సంస్థలు రాయితీ ఇస్తాయి కాబట్టి ఆ గడువు తగ్గవచ్చు. కాలిఫోర్నియాలో ఆర్థికవేత్తలు చేసిన క్షేత్ర ప్రయోగంలోనైతే స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టిన ఇళ్లకూ, పెట్టనివాటికీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడానే కనపడలేదు. యంత్రం వేసుకున్న షెడ్యూలును ఇంటివాళ్లు చేత్తో మార్చేస్తూ వచ్చారు. పోల్చేది దేనితో అన్నదే ఇక్కడ కీలకం. రోజంతా 72 ఫారెన్‌హీట్ దగ్గర వదిలేసే ఇంటితో పోలిస్తే లాభం కనపడుతుంది. రాత్రి పడుకునేముందు తగ్గించే అలవాటున్న ఇంటితో పోలిస్తే మిగిలేది ఏమీ ఉండదు.

అందువల్ల దీనికి తగిన ఇల్లు ఎలా ఉంటుందో గుర్తుపట్టడం కష్టం కాదు. అందరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఇల్లు, వేళాపాళా లేని ఉద్యోగాలు, బాగా చలో బాగా ఎండో ఉన్న ఊరు, ఖరీదైన ఇంధనం, సెట్టింగును పట్టించుకునే ఓపిక ఎవరికీ లేకపోవడం. డాలస్, న్యూజెర్సీ వైపు తెలుగు కుటుంబాల్లో ఈ లెక్క తరచు తప్పుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉంటే పగలు ఇల్లు ఖాళీగా ఉండే ప్రసక్తే లేదు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవాళ్లదీ అదే పరిస్థితి. పైగా పిల్లలు 70 పెడితే తాతగారు 76 చేస్తారు. ఆ తగువును ఏ సెన్సారూ తీర్చదు. అలాంటి ఇంట్లో మేడమీద ఒకటి, కింద ఒకటి విడిగా అదుపు ఉండడం, కిటికీల సందులు మూయించడం ముందు చేయాల్సిన పనులు.

బిగించడంలోనూ చిక్కులున్నాయి. పాత ఇళ్లలో థర్మోస్టాట్‌కు వచ్చేవి రెండే తీగలు. టి-87కి కరెంటు అవసరం లేదు గనుక అవి సరిపోయాయి. వెలిగే తెర, వైఫై ఉన్నదానికి 24 వోల్టుల కరెంటు నిత్యం కావాలి. అందుకు మూడో తీగ కావాలి, దాన్ని సి-వైర్ అంటారు. అది లేకపోతే కొత్తది లాగించాలి. గోడవారన ఉండే 240 వోల్టుల విద్యుత్ హీటర్లకు మామూలు స్మార్ట్ రకాలు అసలు పనికిరావు. తీసేసిన పాత గుండ్రటిదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. అందులో సుమారు 3 గ్రాముల పాదరసం ఉంటుంది, దాన్ని తీసుకునే కేంద్రాలు వేరే ఉన్నాయి.

ఇంకో రెండు సంగతులు ఈ పరికరంతోనే కొత్తగా వచ్చాయి. ఒకటి, బయటివాళ్ల చెయ్యి. వేసవి సాయంత్రాల్లో గ్రిడ్ మీద భారం తగ్గించడానికి, రాయితీకి బదులుగా విద్యుత్ సంస్థ దూరం నుంచే ఏసీ సెట్టింగును పెంచే పథకాలున్నాయి. 2022 ఆగస్టు చివర కొలరాడోలో అలా చేరిన సుమారు 22 వేల ఇళ్లవాళ్లు ఎండపూట తమ థర్మోస్టాట్‌ను తామే మార్చుకోలేకపోయారు. ఒప్పందంలో ఆ మాట ఉంది, చదివినవాళ్లు తక్కువ. రెండోది ఆయుష్షు. 2015 చివర వచ్చిన సాఫ్ట్‌వేర్ లోపంతో కొన్ని నెస్ట్‌ల బ్యాటరీలు దిగిపోయి, జనవరి చలిలో ఇళ్లు చల్లబడ్డాయి. 2025 అక్టోబరు 25 నుంచి మొదటి రెండు తరాల నెస్ట్‌లకు గూగుల్ మద్దతు ఆపేసింది. అవి గోడ మీద చేత్తో తిప్పితే పనిచేస్తాయి, ఫోనులో కనపడవు. 249 డాలర్లు పెట్టినవాళ్లకు పద్నాలుగేళ్లకు మిగిలింది, కాస్త అందమైన మామూలు థర్మోస్టాట్.

భారతదేశంలో చర్చ వేరే దారిలో నడిచింది. ఇక్కడ ఏసీ గదికొకటి. అవసరమున్న గదిలో వేస్తారు, బయటికి వస్తూ కట్టేస్తారు. అమెరికా ఇల్లు సెన్సార్లతో సాధించాలనుకునే ఆదా ఇక్కడ స్విచ్ దగ్గరే జరిగిపోతుంది. థర్మోస్టాట్ కూడా స్ప్లిట్ ఏసీ లోపలే ఉంటుంది, రిమోట్ దాని చక్రం. అందుకే నెస్ట్ లాంటి గోడ పరికరాలు మామూలు స్ప్లిట్‌కు తగిలించడానికి కుదరవు. రిమోట్ సంకేతాలను అనుకరించే చిన్న వైఫై పెట్టెలు దొరుకుతాయి గానీ, టైమరు, స్లీప్ మోడ్ రిమోట్‌లోనే ఉన్నప్పుడు వాటి అవసరం అంతంత మాత్రం. ఒకే యంత్రంతో ఇల్లంతా చల్లబరిచే పెద్ద విల్లాలకే గోడ థర్మోస్టాట్ లెక్క వర్తిస్తుంది. ప్రభుత్వం కూడా అంకె మీదే దృష్టి పెట్టింది. ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ నిబంధన ప్రకారం 2020 జనవరి 1 నుంచి స్టార్ ముద్ర ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. కొత్త ఏసీలను 20కి దిగువకు, 28కి ఎగువకు పోనివ్వకూడదన్న ఆలోచనను 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి ప్రకటించారు.